సగం చేపల కోసం మొత్తం నది

(బిల్లీ ఫ్రాంక్ జూనియర్ స్మారకోపన్యాసం. సియాటిల్ పరిసరాల్లోని తెలుగువారి సభలో చేసిన ప్రసంగానికి ముద్రణ పాఠం.)



ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న మనిషిని వాషింగ్టన్ రాష్ట్రం యాభైసార్లకు పైగా అరెస్టు చేసింది. చేసిన నేరం చేపలు పట్టడం. రాష్ట్రం చూపించిన కారణం చేపల సంరక్షణ. అదే రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. దేశ రాజధానిలోని క్యాపిటల్ భవనంలో ఒక్కో రాష్ట్రానికి రెండేసి విగ్రహాలుంటాయి కదా, తన రెండింటిలో ఒకటి ఇకమీదట ఈయనది కావాలని. నడుమ ఆయన పెద్దగా మారిందేమీ లేదు. రాష్ట్రమే మారింది. మనసు కరిగి మారలేదు, కోర్టు మెడలు వంచితే మారింది. తర్వాత్తర్వాత మనసు కూడా కొంత కరిగింది, ఆ సంగతికి వస్తాను.

పేరు బిల్లీ ఫ్రాంక్ జూనియర్. నిస్క్వల్లీ తెగ మనిషి. పుట్టింది 1931 మార్చి 9న, పోయింది 2014 మే 5న. ఈ ఊళ్లలో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగువాళ్లకు మైక్రోసాఫ్ట్, అమెజాన్ అధిపతుల జీవితాలు కంఠతా వచ్చు. ఈ పేరు చెబితే మాత్రం ‘ఎవరాయన?’ అంటారు. ఈ ఉపన్యాసానికి ఒప్పుకోవడానికి నాకా ప్రశ్నే చాలింది.

ముందు నది గురించి. పోర్ట్‌లాండ్ వెళ్లేటప్పుడు ఐ-5 మీద టకోమా దాటి, సైనిక స్థావరం కంచెల పక్కనుంచి పోయి, ఒక పల్లంలోకి దిగుతాం. అటూ ఇటూ చిత్తడి నేల, పొడవాటి గడ్డి, దూరంగా ఉప్పునీళ్లు. అక్కడ మనం గంటకు డెబ్భై మైళ్ల వేగంతో దాటేసేది నిస్క్వల్లీ నది. రెయినియర్ పర్వతం మీద అదే పేరున్న హిమానీనదం దగ్గర పుట్టి, సుమారు ఎనభై మైళ్లు పారి ప్యూజెట్ సౌండ్‌లో కలుస్తుంది. గోదావరి చూసిన కళ్లకు ఇది వాగు. కానీ ఈ వాగులోకి ఏడాదిలో నెల తప్పి నెల ఏదో ఒక జాతి సాల్మన్ ఎక్కుతూనే ఉండేది. చినూక్, కోహో, పింక్, చమ్, వాటి చుట్టం స్టీల్‌హెడ్. మిగతా నదుల్లో చమ్ పరుగు సద్దుమణిగాక, డిసెంబరు జనవరి చలిలో నిస్క్వల్లీ చమ్ మొదలవుతుంది. చలికాలం నడిమధ్యలో తాజా చేప దొరికే నది అంటే, పక్కనున్న మనుషులకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఏటికి ఎదురీదే చేప తెలుగువాళ్లకు కొత్త కాదు, మనకు పులస ఉంది. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోగలదు. పసిఫిక్ సాల్మన్ పోలేదు. మంచినీళ్లలోకి అడుగుపెట్టాక తిండి మానేస్తుంది. ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ, తాను పుట్టిన వాగును వాసనతో పోల్చుకుంటూ ఎక్కుతుంది. ఆడచేప తోకతో గులకరాళ్లు చెదరగొట్టి గుంట చేసి గుడ్లు పెడుతుంది. కొద్దిరోజుల్లో ఆడచేప, మగచేప రెండూ చచ్చిపోతాయి. ఆ కళేబరాలను ఎలుగుబంట్లు, గద్దలు ఒడ్డు మీదికి లాగుతాయి. సముద్రంలో చేప పోగుచేసుకున్న నత్రజని ఒడ్డునున్న దేవదారు వేళ్లలోకి పోతుంది. శాస్త్రజ్ఞులు చెట్ల కణజాలంలో ఆ సముద్రపు నత్రజని ఆనవాలు పట్టుకున్నారు. ఈ చేపకు చల్లటి నీళ్లు కావాలి, బురద పట్టని గులకరాళ్లు కావాలి, నీడకు చెట్లు కావాలి, నదీముఖం దగ్గర ఉప్పునీటికి అలవాటు పడటానికి చిత్తడి నేల కావాలి. వీటిలో ఏది పోయినా చేప పోతుంది. బిల్లీ ఫ్రాంక్ రాజకీయమంతా ఈ నాలుగైదు అవసరాల చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు కాగితం గురించి.

1854 డిసెంబరు 26న, ఇందాక చెప్పిన నదీముఖం దగ్గరే, మెడిసిన్ క్రీక్ ఒడ్డున, గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ నిస్క్వల్లీ, ప్యూయలప్ తదితర తెగల పెద్దలతో ఒప్పందం రాయించాడు. దాదాపు 22.4 లక్షల ఎకరాలు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ప్రతిఫలం 32,500 డాలర్లు, అదీ ఇరవై ఏళ్ల వాయిదాల్లో. మాట్లాడుకున్నది చినూక్ జార్గన్‌లో, అంటే కొన్ని వందల మాటలు మాత్రమే ఉన్న బేరసారాల భాషలో. భూమి మీద శాశ్వత హక్కు వదులుకోవడమనే సంగతి ఆ భాషలో ఎంతవరకు చెప్పగలరో మీరే ఊహించుకోండి. ఒక్క షరతు మాత్రం రెండు పక్షాలకూ స్పష్టంగా అర్థమైంది. అలవాటుగా చేపలు పట్టుకునే చోట్లన్నిటా పట్టుకునే హక్కు, అక్కడి పౌరులతో ఉమ్మడిగా, తెగలకు ఉంటుంది. స్టీవెన్స్ దానికి వెనకాడవలసిన పని లేదు. అప్పట్లో వలస వచ్చిన తెల్లవాళ్లు తినే చేప కూడా ఇండియన్లు పట్టి అమ్మినదే. చేపలు తరిగిపోతాయన్న ఆలోచన ఎవరికీ లేదు.

అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి రెండేళ్లు. గోదావరి జాలర్ల చేతిలో ఇలాంటి కాగితం ఏదీ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. బిల్లీ ఫ్రాంక్‌ది ఎంత గుండె ధైర్యమైనా, చేతిలో ఆ కాగితం లేకపోతే ఆయన కథ మొదటి అరెస్టు దగ్గరే ముగిసేది.

నిస్క్వల్లీ వాళ్లకు మొదట కేటాయించిన చోటు నదికి దూరంగా ఉన్న రాతిగుట్ట. లెషై అనే పెద్ద ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చింది. 1858 ఫిబ్రవరిలో ఆయన్ను ఉరితీశారు. ఒక చారిత్రక న్యాయస్థానం 2004లో ఆయన్ను నిర్దోషిగా తేల్చింది, నూట నలభై ఆరేళ్ల తర్వాత. కానీ ఆ యుద్ధం మూలంగానే నదికి రెండువైపులా ఉన్న భూమి తెగకు దక్కింది. అదీ నిలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి శిబిరం కావలసి వచ్చి, 1917లో రిజర్వేషన్లో మూడింట రెండు వంతులకు పైగా లాక్కున్నారు. మనం ఐ-5 మీద చూసే కంచెలు అవే. అలా ఇల్లూ పొలమూ పోయినవాళ్లలో బిల్లీ తండ్రి విల్లీ ఫ్రాంక్ ఒకడు. వచ్చిన పరిహారంతో ఆయన రిజర్వేషన్ బయట, నది దిగువన, ఆరెకరాలు కొన్నాడు. అదే ఫ్రాంక్స్ లాండింగ్. అక్కడే కూర్చుని, వల వేసుకుంటూ, నూరేళ్లు దాటి బతికాడు.

1945 డిసెంబరులో పద్నాలుగేళ్ల బిల్లీ తెల్లవారకముందే వల తీసుకుని చేపలు కోస్తుంటే రాష్ట్ర అధికారులు పొదల్లోంచి వచ్చి పట్టుకున్నారు. పిల్లాడు పెనుగులాడుతూ ‘నేనుండేది ఇక్కడే’ అని అరిచాడట. ఒప్పందంలోని షరతును అంతకంటే క్లుప్తంగా తర్వాత ఏ లాయరూ చెప్పలేదని నా ఉద్దేశం.

అక్కణ్నుంచి దాదాపు ముప్పై ఏళ్ల పోరాటం. నడుమ మెరైన్ దళంలో రెండేళ్లు పనిచేసి వచ్చాడు. 1960లలో గొడవ ముదిరింది. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి విద్యార్థులు హోటళ్లలో బైఠాయిస్తున్న రోజులు. ఇక్కడ తెగలవాళ్లు పత్రికలవాళ్లను పిలిచి, అందరూ చూస్తుండగా నదిలో వల వేసి అరెస్టయ్యేవారు. ‘ఫిష్-ఇన్’ అని పేరు. వెనకుండి వ్యూహం నడిపినవాడు హాంక్ ఆడమ్స్ అనే కుర్రాడు. 1964 మార్చిలో సినీనటుడు మార్లన్ బ్రాండో వచ్చి ప్యూయలప్ నదిలో పడవెక్కాడు. ఆయన్ను అరెస్టు చేసి వెంటనే వదిలేశారు. అంత పేరున్న మనిషి మీద కేసు పెట్టే ఓపిక ఎవరికుంది! హాస్యనటుడు డిక్ గ్రెగరీ నిస్క్వల్లీలో వల వేశాడు, ఆయనకు మాత్రం జైలు తప్పలేదు. ఆయన నల్లవాడు. ఫ్రాంక్స్ లాండింగ్ మీద లాఠీలతో దాడులు, పడవలను గుద్దించడాలు, వలలూ మోటర్లూ ఎత్తుకుపోవడాలు మామూలైపోయాయి. ఆడవాళ్లను జుట్టు పట్టి ఒడ్డు మీద ఈడ్చిన ఫోటోలున్నాయి. బిల్లీ తన గురించి చెప్పుకునేటప్పుడు, నేను విధానాలు రాసే మనిషిని కాదు, అరెస్టయ్యే మనిషిని అని నవ్వేవాడు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. చేపలు తగ్గుతున్న మాట నిజమే కదా? అధికారులు చెప్పింది తప్పా?

తగ్గుతున్న మాట నిజమే. ఎవరివల్ల అన్నదే ప్రశ్న. అప్పట్లో ప్యూజెట్ సౌండ్‌లో పట్టే సాల్మన్లో తెగల వాటా అయిదు శాతం కూడా ఉండేది కాదు. సముద్రం నుంచి తిరిగొచ్చే చేప ముందు పెద్ద పడవల వలలు దాటాలి, ఆ తర్వాత సౌండ్‌లోని వ్యాపార వలలు, ఆ తర్వాత సరదాకి గాలం వేసేవాళ్లు. అందరినీ తప్పించుకుని నదిలోకి వచ్చినదే ఇండియన్ వలలో పడుతుంది. ఇక నది పైన ఆనకట్టలు, కొండల మీద చెట్ల నరికివేత. అంతా అయ్యాక నదీముఖం దగ్గర నిలబడ్డవాడి చేతిలో వల చూసి సంరక్షణ గుర్తొచ్చింది. పంక్తిలో అందరూ తిన్నాక చిట్టచివరి విస్తరి దగ్గరికొచ్చి, ‘వంట తరిగిపోతోంది, నువ్వు తినకు’ అన్నట్టు.

పైగా రాష్ట్రం నిషేధించిన వల కింద రాష్ట్రపు గాలం ఉండేది. స్టీల్‌హెడ్‌ను రాష్ట్ర చట్టం ఆటచేపగా ప్రకటించింది. సెలవురోజు ఆటకు పట్టొచ్చు, కడుపుకోసం వలేసి పట్టకూడదు. సంరక్షణ పేరుతో చేసే చట్టాల్లో ఇలాంటివి లోకమంతటా కనిపిస్తాయి. అడవిలో బతికేవాడిని ఖాళీ చేయించి, చూడ్డానికి వచ్చేవాడికి కాటేజీ కట్టే వ్యవహారం మన నల్లమల చుట్టుపక్కల చెంచులను అడిగినా చెబుతారు. ప్రకృతిని కాపాడేవాళ్లంటే దుర్బిణీ పట్టుకున్నవాళ్లని, వల పట్టుకున్నవాడు శత్రువని అనుకునే అలవాటు మనకూ ఉంది. బిల్లీ ఫ్రాంక్ నూటికి నూరుపాళ్లు వల పట్టిన మనిషి. తినేవాడికి ఉన్నంత పట్టింపు చూసేవాడికి ఉండదన్నది ఆయన నమ్మకం. నేనూ అదే నమ్ముతాను.

1970 సెప్టెంబరులో టకోమాలో ప్యూయలప్ నది ఒడ్డున ఉన్న శిబిరం మీద పోలీసులు బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. అక్కడ నిలబడి చూస్తున్న ఫెడరల్ ప్రభుత్వపు న్యాయవాది కళ్లలోకీ ఆ పొగ పోయింది. అదే నెలలో ఫెడరల్ ప్రభుత్వం తెగల తరఫున రాష్ట్రం మీద దావా వేసింది. యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ వాషింగ్టన్. న్యాయమూర్తి జార్జ్ బోల్ట్. ఐసెన్‌హోవర్ నియమించిన సంప్రదాయవాది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన కుర్రాళ్లను కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపినవాడు. తెగలవాళ్లు ఆయన దగ్గర పెద్దగా ఏమీ ఆశించలేదు. కోర్టు బోనులో విల్లీ ఫ్రాంక్, బిల్లీ ఫ్రాంక్ తండ్రీకొడుకులిద్దరూ సాక్ష్యం చెప్పారు.

తీర్పు 1974 ఫిబ్రవరి 12న వచ్చింది. రెండు వందల పేజీలకు పైగా ఉంది. ఒప్పందంలో ‘ఉమ్మడిగా’ అన్నదానికి రాష్ట్రం ఏళ్ల తరబడి ఒక అర్థం చెబుతూ వచ్చింది. తెల్లవాడికి వర్తించే రూలే ఇండియన్‌కూ వర్తిస్తుంది, అందరితో పాటు లైసెన్సు తీసుకుని గాలం వేసుకోమని. బోల్ట్ ఆ ఒప్పందం రాసుకున్న రోజుకు వెళ్లి చదివాడు. అప్పటికి మొత్తం చేపా తెగలదే. తమదాన్ని పంచుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఇద్దరు పంచుకుంటే సగం సగం. సంతానానికి వదలవలసినన్ని వదిలేశాక, పట్టుకోదగ్గ చేపల్లో సగం దాకా తెగలవి. అంతేకాక, చేపల నిర్వహణలో కూడా రాష్ట్రంతో సమానంగా వాళ్లు కూర్చుంటారు.

అయిదు శాతం నుంచి యాభై శాతానికి. చేపలు పట్టే తెల్లవాళ్ల కుటుంబాలు చాలా నష్టపోయాయి, ఆ మాట దాచడం సరికాదు. పడవల మీద అప్పులు చేసినవాళ్లు వాళ్లు, ఒప్పందాన్ని ఉల్లంఘించింది రాష్ట్రం. అయినా తర్వాత జరిగింది అసహ్యంగా ఉంది. బోల్ట్ దిష్టిబొమ్మకు ఉరేశారు. ఆయన్ను తిడుతూ కార్ల వెనక స్టిక్కర్లు వేశారు. రాష్ట్ర ప్రభుత్వమే తీర్పు అమలు చేయనని మొండికేసింది. ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు 1978లో అన్న మాట ఉంది. బడుల్లో వర్ణవివక్ష తీసేయమన్న కొన్ని తీర్పులను పక్కన పెడితే, ఈ శతాబ్దంలో ఒక కోర్టు ఆదేశాన్ని ఇంత కూడబలుక్కుని అడ్డుకున్న సందర్భం లేదని. చివరకు 1979 జూలైలో సుప్రీంకోర్టు తీర్పును ఖాయం చేసింది.

చాలా జీవితచరిత్రలు ఇక్కడ ముగుస్తాయి. గెలిచాడు, శుభం. నాకు మాత్రం ఈయన ఇక్కణ్నుంచే ఆసక్తికరంగా కనిపిస్తాడు.

ఎందుకంటే గెలిచిన మనిషికి వెంటనే ఒక లెక్క తట్టింది. సగం సరే, దేనిలో సగం? చేపలు లేని నదిలో సగం అంటే సున్నాలో సగం. తమ వాటా తమకు దక్కాలంటే మొత్తం చేపలు ఉండాలి. మొత్తం చేపలు ఉండాలంటే పైన అడవి నరికే కంపెనీ, మధ్యలో పశువులు మేపే రైతు, కరెంటు తీసే ఆనకట్ట, కింద రోడ్డు వేసే శాఖ, వీళ్లందరూ దారికి రావాలి. ఆ నదిలో తెగ చేతిలో ఉన్నది కొన్ని మైళ్లే. అందుకని అరెస్టయ్యే మనిషి బల్ల ముందు కూర్చునే మనిషి అయ్యాడు. తీర్పు తర్వాత పశ్చిమ వాషింగ్టన్లోని ఇరవై తెగలు కలిసి నార్త్‌వెస్ట్ ఇండియన్ ఫిషరీస్ కమిషన్ పెట్టుకున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా, పోయేదాకా, దానికి ఆయనే అధ్యక్షుడు.

మనిషి ఎలా ఉండేవాడు? తెల్లటి జుట్టు వెనక్కి పిలకగా కట్టి, మెడలో సాల్మన్ బిళ్ల వేలాడుతూ. కాగితం చూసి మాట్లాడేవాడు కాదు. సెనేటరు ముందైనా మాటల్లో బూతులు దొర్లేవి. ఎదురుపడ్డ ప్రతివాణ్నీ కావలించుకునేవాడు, అందులో ఒకప్పుడు తనను కొట్టించిన శాఖలవాళ్లూ ఉన్నారు. దీన్ని క్షమాగుణం అని రాస్తుంటారు. ఉండొచ్చు. నాకు మాత్రం అందులో ఒక జాలరి లెక్క కనిపిస్తుంది. ఈ చేప అందరి భూముల్లోంచీ వెళ్లాలి, కాబట్టి ఏ ఒక్కడితోనూ శాశ్వతంగా పగ పెట్టుకోవడానికి వీల్లేదు.

ఫలితాలు వచ్చాయి. 1985లో కెనడాతో పసిఫిక్ సాల్మన్ ఒప్పందం కుదిరింది. నిస్క్వల్లీలో పుట్టి అలాస్కా దాకా ఈదే చేపను దారిలో ఎవరెవరు ఎంత పట్టొచ్చో అందులో తేల్చుకున్నారు. 1987లో కలప కంపెనీలు, రాష్ట్రం, తెగలు, పర్యావరణవాదులు కోర్టుకెళ్లకుండా కూర్చుని వాగుల పక్కన ఎంత మేర చెట్లు నరకకూడదో మాట్లాడుకున్నారు. నిస్క్వల్లీ ముఖద్వారం దగ్గర నూరేళ్ల కిందట ఒక రైతు కట్టించిన కట్టలను 2009లో తవ్వేసి 762 ఎకరాల్లోకి పోటునీళ్లు వదిలారు. పడమటి తీరంలో అలాంటి పెద్ద పనుల్లో అదొకటి. ఇప్పుడు పిల్ల సాల్మన్ అక్కడ మేసి, ఒళ్లు చేసి, సముద్రంలోకి పోతుంది. అదే చోట ఐ-5 రోడ్డు కోసం పోసిన మట్టికట్ట ఇంకా పాయలను పిండుతూనే ఉంది. దాన్ని తీసి పొడవాటి వంతెనలు వేయాలన్న ఆలోచన రాష్ట్ర రవాణా శాఖ దగ్గరుంది.

రోడ్ల మాట వచ్చింది గనక తూముల సంగతి. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన కేసు ఇది, కొంచెం ఎక్కువసేపు చెబితే ఓర్చుకోండి.

రోడ్డు వాగును దాటే చోట ఇంజినీరు ఏం చేస్తాడు? ఒక ఇనుప గొట్టం పెట్టి పైన మట్టి పోస్తాడు. నీళ్లు పోతే చాలు. కొన్నేళ్లకు దిగువన నేల కోసుకుపోయి గొట్టం మూతి గాల్లో వేలాడుతుంది. లేదా గొట్టంలో ప్రవాహం మరీ ఉధృతంగా ఉంటుంది. అలాస్కా నుంచి వచ్చిన చేప మూడడుగుల గొట్టం దగ్గర ఓడిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రం ఇలాంటి తూములు వందల కొద్దీ వేసింది. 2001లో తెగలు మళ్లీ కోర్టుకెక్కాయి. వాదన చాలా సూటిగా ఉంది. చేపలు పట్టే హక్కు మాకిచ్చారు, చేపలు రాకుండా దారి మూశారు, రెండూ ఒకేసారి కుదరవు. 2007లో కోర్టు ఔనంది. 2013లో, తెగల పరిధిలో ఎక్కువ ఆవాసాన్ని మూసేస్తున్న తూములను 2030లోగా బాగుచేయాలని ఆదేశించింది. రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 జూన్ 11న అక్కడ న్యాయమూర్తులు నలుగురు అటు, నలుగురు ఇటు తేలారు. సమానమైతే కింది తీర్పే నిలుస్తుంది. ఖర్చు వందల కోట్ల డాలర్లు. రెడ్‌మండ్ నుంచి ఒలింపియా దాకా దారి పొడవునా ‘చేపల దారి పనులు’ అన్న బోర్డు చూసి, ట్రాఫిక్ ఆగిందని మనం విసుక్కుంటాం కదా, ఆ ఆలస్యానికి మూలం 1854నాటి ఒప్పందం. బిల్లీ ఫ్రాంక్ ఆ సుప్రీంకోర్టు ఫలితం చూడకుండానే పోయాడు, కానీ వాదన ఆయనదే. పట్టే హక్కులోనే నది బాగుండాలన్న హక్కు ఇమిడి ఉందన్న వాదన. ఇప్పటికీ కోర్టులు దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. తూముల దాకా ఒప్పుకున్నాయి. అడవులు, ఇళ్ల స్థలాలు, పొలాలకు వాడే నీళ్లు, వీటి దాకా ఆ వాదన ఎంతదూరం పోతుందో ముందు ముందు తేలాలి.

ఇక మనకు మింగుడుపడని భాగం, హేచరీలు.

అక్టోబరులో పిల్లల్ని తీసుకుని ఇస్సక్వా సాల్మన్ డేస్‌కు వెళతాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బల్లార్డ్ లాక్స్ దగ్గర అద్దం వెనక ఎగిరే చేపను చూపిస్తాం. మనం చూసేవాటిలో చాలావరకు తొట్టిలో పుట్టి, చేతితో మేత తిని, లారీలోంచో గొట్టంలోంచో వాగులోకి వదిలిన చేపలు. తోకకు కాస్త ముందు, వీపు మీద చిన్న రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప. నదిలో తనంతట తాను పుట్టే సాల్మన్‌ను ప్రేమించేవాళ్లు హేచరీలంటే మండిపడతారు. తొట్టిలో బతకడానికి పనికొచ్చిన గుణాలు నదిలో పనికిరావు, ఈ చేపలు వాటితో కలిస్తే ఆ సంతతి కూడా బలహీనపడుతుందని వాళ్ల వాదన. శాస్త్రం చాలావరకు వాళ్ల వైపే ఉంది. బిల్లీ ఫ్రాంక్, ఆయన తెగలు మాత్రం హేచరీలను గట్టిగా సమర్థించారు. నిస్క్వల్లీ తెగ సొంతంగా రెండు నడుపుతోంది.

వాళ్ల జవాబు ఇది. నదిని పాడుచేసింది మేం కాదు. నిస్క్వల్లీకి సహజంగా ఉండే చినూక్ సంతతి ఎప్పుడో అంతరించింది, ఇప్పుడున్నది గ్రీన్ రివర్ హేచరీల నుంచి తెచ్చిన జాతి. ఇప్పుడు మీరొచ్చి స్వచ్ఛమైన చేప లేదు కాబట్టి మీ వల ఎండగట్టండి అంటే, మళ్లీ చివరి విస్తరివాడికే ఉపవాసం.

నేను శాస్త్రవేత్తను కాను. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. తెగల కోపం న్యాయమైనది. అయినా హేచరీని ఈ రాష్ట్రంలో ఆనకట్టలకు సాకుగా కూడా వాడుకున్నారు. చేపలకు దారి వదలకుండా ఆనకట్ట కట్టడం ఈ రాష్ట్రంలో 1890నుంచే చట్టవిరుద్ధం. ఒలింపిక్ ద్వీపకల్పంలో ఎల్వా నది మీద 1913లో దారి లేకుండానే కట్టేశారు. దారికి బదులు హేచరీ పెడతామన్నారు, అధికారులు సరేనన్నారు. ఆ హేచరీని 1922లో వదిలేశారు. ఆనకట్ట మాత్రం వందేళ్లు నిలబడింది. తొట్టిలో చేపలు ఉన్నాయిగా అని నదిని మరిచిపోవడం ఎంత తేలికో ఆ ఒక్క ఉదంతం చెబుతుంది. బిల్లీ ఫ్రాంక్‌కు ఈ ప్రమాదం తెలియదని నేననను. నది కోలుకునేదాకా హేచరీ అన్నది ఆయన మాట. ‘కోలుకునేదాకా’ అన్నది ఎంతకాలమో చెప్పడమే కష్టం.

ఎందుకంటే కోలుకోవడం జరగడం లేదు. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చారు, ఈనాటికీ బయటపడలేదు. ఆ చినూక్ మీదే బతికే ఇక్కడి ఓర్కా తిమింగలాలు ఎనభైకి లోపే మిగిలాయి. 2011లో బిల్లీ ఫ్రాంక్, తెగల నాయకులతో కలిసి ఫెడరల్ ప్రభుత్వానికి ఒక విన్నపం ఇచ్చాడు. ఒకచోట మనం ఆవాసం బాగుచేస్తున్నదానికంటే వేగంగా వేరేచోట పోగొట్టుకుంటున్నాం, ఇలాగైతే ఒప్పందపు హక్కే ఆవిరవుతుందని. అప్పటికి ఆయనకు ఎనభై. ఎనభయ్యేళ్ల వయసులో, ఇన్ని కేసులు గెలిచాక, మనం ఓడిపోతున్నాం అని బహిరంగంగా చెప్పాడు. సన్మానాలు అందుకునే వయసులో అలా చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

ఆయన పోయాక బయటపడ్డ సంగతి ఒకటి మన ఇంటి ముందరే ఉంది. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడగానే కోహో సాల్మన్లు గుడ్లు పెట్టకముందే గిలగిల కొట్టుకుని చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్ల తరబడి అంతుచిక్కలేదు. 2020 డిసెంబరులో ఇక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు కారణం పట్టుకున్నారు. టైర్లు పగిలిపోకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతుంది, టైరు అరిగిన పొడిలోంచి అది వాన నీళ్లతో వాగులోకి చేరుతుంది. పెట్రోలు కారా, ఎలక్ట్రిక్ కారా అన్న తేడా లేదు, టైరు టైరే. టెస్లా కొని పర్యావరణం బాధ్యత తీరిపోయిందనుకునే మిత్రులు మన్నించాలి. రోడ్డు పక్క నీళ్లను మట్టిలోంచి, ఆకుల ఎరువులోంచి ఇంకనిచ్చి వదిలితే ఆ విషం చాలావరకు ఆగుతుందని కూడా తేలింది. మన ఇళ్ల సంఘాల సమావేశాల్లో వాననీటి గుంటల ఖర్చు ప్రస్తావనకొచ్చినప్పుడు అభ్యంతరం చెప్పేవాళ్లలో మనవాళ్లు తక్కువేమీ కాదు.

బిల్లీ ఫ్రాంక్ అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. 2015 నవంబరులో ఒబామా ఆయనకు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చాడు. మరుసటి నెలలో నిస్క్వల్లీ అభయారణ్యానికి ఆయన పేరు పెట్టారు. గౌరవాల జాబితా ఇంకా ఉంది, అది మీకు ఎక్కడైనా దొరుకుతుంది.

నాకు వాటికంటే ఎల్వా సంగతి చెప్పాలనుంది. అక్కడి రెండు ఆనకట్టలనూ 2011 నుంచి 2014 దాకా విరగ్గొట్టి తీసేశారు. చేపలు కోలుకోవడానికి లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్లు తమంతట తామే వలలు మడిచిపెట్టుకుని ఏళ్ల తరబడి ఆగారు. 2023 అక్టోబరులో, కొద్దిపాటి కోహో వరకు, తమ తిండికీ తమ క్రతువులకూ, స్వేచ్ఛగా పారుతున్న నదిలో మళ్లీ చేపలు పట్టారు. నది బాగుపడిందని చెప్పడానికి అధికారులు సెన్సర్లు, కెమెరాలు, లెక్కలు చూపిస్తారు. అవీ కావాలి. బిల్లీ ఫ్రాంక్ అడిగేది మాత్రం ఒకటే ఉండేదనుకుంటాను, అక్కడి వాళ్లు ఎన్ని పట్టారని.

ప్రశ్నలకు సమయం ఉందని నిర్వాహకులు అంటున్నారు. హేచరీల మీద నాతో పేచీ ఉన్నవాళ్లు ముందు అడగండి.